కూలిన ఊరు కట్టుకున్న అందం

ఆల్వేరియా కొండ మీద, పాడుబడిన కోట ద్వారం ముందు నిలబడి ఉన్నాం. మే నెల పొద్దు. ఎండ ఇంకా ముదరలేదు, గడ్డి తడి కాళ్ళకు చల్లగా తగులుతోంది. ద్వారం పక్కన గుండ్రటి బురుజు సగం నిలిచి, సగం రాలి ఉంది. కొండ చుట్టూ నిట్టనిలువు లోయలు. సులువుగా నడిచి రాగల దారి మనం వచ్చిన ఈ ఇరుకు మెడ ఒక్కటే. శత్రువుకు అందని చోటు కాబట్టే ఇక్కడ రెండు వేల ఏళ్ళకు పైగా మనుషులు కాపురం ఉన్నారు. సికెల్ తెగవాళ్ళు, గ్రీకులు, రోమన్లు, అరబ్బులు, నార్మన్లు ఒకరి తరవాత ఒకరు వచ్చారు. సిసిలీ ద్వీపంలో నార్మన్లకు చిట్టచివరగా, 1091లో, లొంగిన అరబ్బు కోట ఇదే. 1503లో స్పెయిన్ రాజు ఫెర్డినాండ్ దీనికి 'ప్రతిభావంతుల నగరం' అని బిరుదు ఇచ్చాడు. ఆ నగరం పేరు నోతో.

ద్వారం దాటి లోపలికి రండి. నగరం ఏదీ?

మట్టిదారి, దానికి రెండు వైపులా రాళ్ళ కుప్పలు. మోకాలెత్తు గోడ ఒకటి పొదల్లోకి వెళ్ళి మాయమవుతుంది. అడవి సోంపు మొక్కలు మనిషెత్తు పెరిగాయి, భుజం తగిలితే చాలు ఘాటు వాసన. పగుళ్ళలోంచి కేపర్ తీగ కిందికి వేలాడుతూ తెల్లటి పూలు పూసింది. కోట చెరసాల గోడల మీద ఖైదీలు గీసిన గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. కాసేపు నడిస్తే ఒక కమాను దొరుకుతుంది, దాని కింద గుమ్మం ఉంది, గుమ్మం వెనక ఇల్లు లేదు. ఇంకొంచెం ముందు చెక్కిన స్తంభం ముక్క ఒకటి అడ్డంగా పడి ఉంది. దాని మీద కూర్చుంటే మనం కూర్చున్నది ఒకప్పుడు గుడిదో, బడిదో, ఎవరి నడవాదో తెలియదు.

1693 జనవరి 9, శుక్రవారం రాత్రి భూమి ఒకసారి కదిలింది. కొన్ని ఇళ్ళు కూలాయి. జనం వీధుల్లోకి వచ్చేశారు. శనివారం ఎలాగో గడిచింది. 11వ తేదీ ఆదివారం మధ్యాహ్నం అసలు దెబ్బ పడింది. ఇటలీలో నమోదైన అతి పెద్ద భూకంపాల్లో అది ఒకటి, తీవ్రత 7.4 దాకా ఉండి ఉంటుందని శాస్త్రజ్ఞుల లెక్క. సముద్రం పొంగి తీరం మీద పడింది. తూర్పు సిసిలీలో సుమారు 60,000 మంది చనిపోయారు. కతానియా నగరంలో సగానికి పైగా జనం పోయారు. కొండ కొమ్మున ఉన్న నోతోలో నిలిచిన ఇల్లంటూ మిగల్లేదు. శత్రువును ఆపిన లోయలే ఆ రోజు సాయాన్నీ ఆపాయి. ఇరుకు సందులు శిథిలాలతో పూడిపోయాయి.

ఇక్కడ కాసేపు ఆగుదాం. ఇవాళ మనం చూడబోయే ఊరంతా ఈ రాళ్ళ కుప్ప దగ్గర మొదలైన ఒక ప్రశ్నకు జవాబు. ఇళ్ళు, గుళ్ళు, బడులు, బంధువులు అన్నీ ఒక్క మధ్యాహ్నంలో పోతే, మిగిలినవాళ్ళు ఏం చేయాలి?

సిసిలీని అప్పుడు స్పెయిన్ ఏలుతోంది. రాజప్రతినిధి ఉజేదా డ్యూక్, పునర్నిర్మాణం బాధ్యత కమాస్త్రా డ్యూక్ జుసెప్పె లాంజాకు అప్పగించాడు. కొండ దిగి, సముద్రం వైపు ఎనిమిది కిలోమీటర్ల దూరంలో, మేతి అనే వాలు నేల మీద కొత్త ఊరు కట్టాలన్నది నిర్ణయం. నీరు ఉంది, రహదారి దగ్గర, వీధులు వెడల్పుగా వేసుకోవచ్చు. చాలామంది ఒప్పుకోలేదు. తాతలు పడుకున్న నేలను వదిలి ఎక్కడికి వెళ్తామన్నారు. ఏళ్ళ తరబడి వాదన నడిచింది. కొత్త చోట గుడిసెలు లేచాయి, పునాదులు పడ్డాయి, గొడవ మాత్రం ఆగలేదు. ఆ పట్టుదలను నేను తప్పు పట్టలేను. ఈ కొండ మీద పది నిమిషాలు నడిచినవాళ్ళెవరూ తప్పు పట్టలేరు.

కిందికి దిగుదాం.

దారి సున్నపురాయి గట్ల మధ్య మెలికలు తిరుగుతుంది. పొలాల మధ్య మట్టి వాడకుండా పేర్చిన రాతి గోడలు, గోడల వెనక బాదం తోటలు. కాయలు ఇంకా పచ్చిగా, నూగు తొడుక్కుని ఉన్నాయి. మధ్య మధ్య కారబ్ చెట్లు నల్లటి నీడ పరుచుకుని నిలబడ్డాయి. లోయలో పారేది అసినారో ఏరు. క్రీస్తుపూర్వం 413లో సిరకూజా నగరాన్ని గెలవడానికి వచ్చి ఓడిపోయిన ఏథెన్స్ సైన్యం, దాహంతో పడుతూ లేస్తూ ఈ ఏటి దగ్గరికే చేరింది. నీళ్ళు తాగుతుండగానే వాళ్ళను నరికారు, మిగిలినవాళ్ళను సిరకూజా రాతి గనుల్లో బందీలుగా పెట్టారు. అంత కథ మోసిన ఏరు ఇప్పుడు రెల్లు దుబ్బుల మధ్య సన్నగా సాగుతోంది. కొత్త నోతో దాని ఎడమ గట్టు పైన వాలు మీద ఉంది.

ఊరి తూర్పు చివర తోట దగ్గర బండి దిగండి. ఇక్కడినుంచి నడకే. రెండు వైపులా దట్టంగా అల్లుకున్న చెట్లు మన జువ్వి, మర్రి కుటుంబానివే. ఆకుల గొడుగు కింద బెంచీల మీద పెద్దాయనలు కూర్చుని గట్టిగా వాదించుకుంటున్నారు. నీడ చివర వెలుతురులో ఒక రాతి తోరణం కనిపిస్తుంది. పోర్తా రెయాలే, అంటే రాజద్వారం. 1838లో అప్పటి సిసిలీ రాజు రెండో ఫెర్డినాండ్ రాక కోసం కట్టారు. పైకి చూడండి: మధ్యలో బురుజు, ఒక పక్క కుక్క, ఒక పక్క పెలికన్ పక్షి. బురుజు బలానికి, కుక్క విశ్వాసానికి, పిల్లల కోసం తన రొమ్ము చీల్చుకుంటుందని నమ్మే పెలికన్ త్యాగానికి గుర్తులు.

తోరణం దాటిన మొదటి అడుగులోనే ఎండ రంగు మారుతుంది.

మారింది ఎండ కాదు, రాయి. ఎదురుగా తిన్నగా సాగే పెద్ద వీధి పేరు కోర్సో విత్తోరియో ఎమ్మానుయేలే. దాని పొడుగునా ఒకే రకం సున్నపురాయి: గోడలు, మెట్లు, స్తంభాలు అన్నీ అదే. గనిలోంచి తీసినప్పుడు మెత్తగా ఉంటుంది, ఉలికి చక్కగా లొంగుతుంది. గాలి తగిలేకొద్దీ పైపొర గట్టిపడి రంగు తెచ్చుకుంటుంది. పొద్దున్న మీగడ రంగులో, మధ్యాహ్నం గోధుమ రంగులో, సాయంత్రం తేనె రంగులో ఉంటుంది. వీధిని తూర్పు పడమరలుగా గీశారు కాబట్టి ఉత్తరం వైపున్న గుళ్ళన్నీ దక్షిణానికి ముఖం పెట్టి రోజంతా ఎండ కాగుతాయి. పైన కొండ మీద ఉన్న పాత ఊళ్ళో సందులు నేల వాలును బట్టి పుట్టాయి. ఇక్కడ ముందు గీత గీసి, తరవాత ఇల్లు కట్టారు. వాలుకు అడ్డంగా ఒకదానిపైన ఒకటి సమాంతరంగా వీధులు, వాటిని కలుపుతూ నిలువుగా ఎక్కే మెట్ల దారులు. మధ్య వీధిలో మూడు చోట్ల నేల ఉన్నట్టుండి విశాలమై కూడలి అవుతుంది. మళ్ళీ భూకంపం వస్తే జనం పరిగెత్తి వచ్చి నిలబడటానికి చోటు ఉంటుంది.

కుడి చేతి వైపు మొదటి కూడలి. ఎత్తయిన మెట్ల వరస ఎక్కితే సెయింట్ ఫ్రాన్సిస్ గుడి. దాని పక్కన సాల్వతోరె మఠం గోడ, పైన అందంగా మలిచిన బురుజు. సన్యాసినులు వీధిలోకి రాకూడదు కాబట్టి పైనుంచి చూసేందుకు దానికి జాలీ కిటికీలు పెట్టారు. వీధికి అవతల, కాస్త ముందు, సాంతా కియారా గుడి ఉంది. దాని వీధి గోడ చూడండి. గుమ్మం మన తలకన్నా పైన గోడలో వేలాడుతోంది, కింద మెట్టు లేదు. పంతొమ్మిదో శతాబ్దంలో వీధిని చదును చేయడానికి నేల మట్టం దించారు. మనుషులు కిందికి దిగారు, గుమ్మం అక్కడే ఉండిపోయింది. మనం పక్క ద్వారంలోంచి వెళ్దాం.

లోపల అడుగు పెట్టగానే మూలలు లేవని తెలుస్తుంది. గది కోడిగుడ్డు ఆకారంలో ఉంది. చుట్టూ 12 స్తంభాలు, వాటి మీద 12 మంది అపొస్తలులు. తెల్లటి సున్నం మీద తీగలు, పూలు, దేవదూతలు. ఎక్కడా బరువు లేదు. పైవరసలో బంగారు రంగు జాలీల వెనక ఒకప్పుడు సన్యాసినులు కూర్చుని ప్రార్థన వినేవాళ్ళు. ఈ గుడి గీసినవాడు రొసారియో గల్యార్ది. సిరకూజాలో పుట్టాడు, నోతో కేంద్రంగా జీవితమంతా పనిచేశాడు. ఆయన దగ్గర రాళ్ళు చెక్కుతూ ఎదిగినవాడు విన్‌చెన్సో సినాత్రా, మూడోవాడు పావొలో లబీసి. ఈ ముగ్గురి చేతుల్లోనే పద్దెనిమిదో శతాబ్దపు నోతో రూపు దిద్దుకుంది. వాళ్ళ వెనక పేరు తెలియని వందల మంది రాతి పనివాళ్ళు, సున్నం కాల్చేవాళ్ళు, బండి తోలేవాళ్ళు ఉన్నారు. భూకంపంలో పోయిన ఊళ్ళన్నీ ఒకేసారి మళ్ళీ కట్టుకుంటున్న కాలం అది. పని నేర్పేవాడి పక్కన నేర్చుకునేవాడు ఉండేవాడు, అతనికి ఊరే బడి. రెండు తరాలు గడిచేసరికి ఈ మూలన పుట్టిన చేతిపని యూరప్‌లో ఎవరికీ తీసిపోనిదైంది.

ఇరుకు మెట్లు ఎక్కి గుడి పైకప్పు మీదికి రండి. గాలి ఒక్కసారిగా ముఖం మీద కొడుతుంది. పలచటి గొంతుతో స్విఫ్ట్ పిట్టలు తల మీదుగా దూసుకుపోతున్నాయి. ఒకవైపు దూరంగా సముద్రం నీలపు గీత. మరోవైపు పెంకుటిళ్ళ మీదుగా లేచిన గుండ్రటి గోపురం, దాని పక్కన జంట బురుజులు. అది కథెడ్రల్. మనం వెళ్ళేది అక్కడికే, కానీ ఎండ నెత్తి మీదికి వచ్చింది. ముందు ఏదైనా తిందాం.

వీధిలో గొడుగు కింద బల్ల దొరికింది. గాజు కప్పులో బాదం గ్రనీతా వచ్చింది, పక్కన గోరువెచ్చటి బ్రియోష్ రొట్టె. బాదం పప్పు నూరి పిండిన పాలను చక్కెరతో కలిపి, గడ్డకట్టేటప్పుడు కలుపుతూ ఉంటే సన్నటి మంచు పలుకులుగా తయారవుతుంది. చెంచా పెడితే మెత్తగా దిగుతుంది. నాలుక మీద ముందు చల్లదనం, తరవాత తీపి, చివర బాదం చిరుచేదు. ఆ చేదు ఇక్కడి నేలది. ఈ చుట్టుపక్కల తోటల్లో 'రొమానా', 'పిజ్జూతా' రకాల బాదం పండుతుంది. నూనె ఎక్కువ, వాసన ఎక్కువ. ఇందులోని చక్కెరకు మూలమైన చెరకు సిసిలీకి అరబ్బులతో వచ్చింది. రొట్టె తుంచి గ్రనీతాలో ముంచి తినడం ఇక్కడి పొద్దుటి ఫలహారం. పక్క బల్ల దగ్గర పనిలోకి వెళ్ళే కుర్రాడు ఒకడు నిలబడే తిని, నోరు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు మధ్య కూడలి. ఎడమ వైపు పలాత్సో దుచేత్సియో, ఊరి పురపాలక భవనం. సినాత్రా గీసిన వంపు తిరిగిన స్తంభాల నడవాతో అర్ధచంద్రంలా నిలబడింది. క్రీస్తుపూర్వం అయిదో శతాబ్దంలో గ్రీకుల మీద తిరగబడ్డ సికెల్ నాయకుడు దుచేత్సియో పేరు దానికి పెట్టుకున్నారు. కుడి వైపు తల తిప్పండి.

మెట్లు. ముందు అవే కనిపిస్తాయి. వీధి వెడల్పునూ మించి, మూడు విడతలుగా ఎక్కుతూ, పైకి పోయేకొద్దీ మన కళ్ళను లాక్కెళ్ళే మెట్లు. వాటి పైన సెయింట్ నికొలస్ కథెడ్రల్ వెడల్పుగా, స్థిమితంగా కూర్చుంది. రెండు బురుజులు, మధ్యలో స్తంభాల జంటలు, వెనక గోపురం. 1776లో పూర్తయింది. మెట్లెక్కుతుంటే రాయి వేడి పాదాలకు తెలుస్తుంది.

1996 మార్చి 13 రాత్రి ఈ గోపురం కూలింది. దానితోపాటు నడిమి భాగం పైకప్పు, కుడి పక్క నడవా కూడా పడిపోయాయి. రాత్రి పూట కాబట్టి లోపల ఎవరూ లేరు, ప్రాణనష్టం జరగలేదు. తెల్లారేసరికి జంట బురుజుల వెనక ఆకాశం కనిపించింది. 1990 డిసెంబరులో వచ్చిన భూకంపం స్తంభాలను పగలగొట్టి వెళ్ళింది. ఇరవయ్యో శతాబ్దంలో కలప కప్పు తీసి వేసిన కాంక్రీటు బరువు పైన ఉంది. స్తంభాలను విప్పి చూస్తే లోపలి సంగతి బయటపడింది: పైకి చెక్కిన రాతి పలకలు, లోపల ఏటి గులకరాళ్ళు, బలం లేని సున్నం. పద్దెనిమిదో శతాబ్దంలో తొందరలోనో, డబ్బు చాలకో నింపేసిన ఆ గుల్ల లోపలే రెండు వందల ఏళ్ళు బరువు మోసింది. అంతకు ముందు కూడా భూకంపాలకు గోపురం దెబ్బతింది. ప్రతిసారీ పైన కట్టారు, స్తంభాల లోపల చూసింది లేదు.

ఈసారి చూశారు. కూలిన రాళ్ళను ఏరి, లెక్క రాసి, ఏ ముక్క ఎక్కడిదో గుర్తించారు. కాంక్రీటుతో త్వరగా కట్టేయవచ్చు. ఆ దారి వదిలి, పాత పద్ధతిలోనే, స్థానిక రాతితోనే కట్టాలని నిర్ణయించారు. ఒకప్పటిలా గులకరాళ్ళు నింపకుండా, స్తంభాలను నిండు రాతితో లేపారు. నిలిచి ఉన్న ఎడమ వైపు స్తంభాలు కూడా అదే గుల్లవని తేలడంతో వాటినీ మార్చారు. రాతిపని తెలిసిన చేతుల్ని మళ్ళీ వెతుక్కున్నారు. పదకొండేళ్ళు పట్టింది. 2007 జూన్‌లో తలుపులు తెరిచారు.

లోపలికి రండి. కళ్ళు చెదిరే తెలుపు. స్తంభం మీద అరచెయ్యి ఆనించండి, నునుపుగా, చల్లగా తగులుతుంది. ఇది పాత రాయి కాదు, మన కాలపు రాయి. గోపురం లోపలి చిత్రాలు రష్యాలో పుట్టిన ఒలేగ్ సుపెరెకో వేసినవి. కొత్తదనం కనబడితే కొందరు యాత్రికులు నిరాశపడతారు. నాకు ఇక్కడే గుండె నిండుతుంది. 1693 తరవాత ఈ ఊరు ఏం చేసిందో మనం పుస్తకంలో చదవాలి. 1996 తరవాత చేసినదాన్ని చేత్తో తాకి చూడొచ్చు. రెండూ ఒకటే పని.

కుడి పక్క వెండి పెట్టెలో ఊరి రక్షక సాధువు కొర్రాదో అవశేషాలు ఉన్నాయి. ఉత్తర ఇటలీలోని పియచెంజాకు చెందిన జమీందారు అతను. వేటలో జంతువును బయటికి రప్పించడానికి పొదలకు నిప్పు పెట్టించాడు. గాలికి ఆ మంట పొలాలను కాల్చేసింది. ఆ నేరం ఒక అమాయకుడి మీద పడి అతనికి మరణశిక్ష వేస్తే, కొర్రాదో ముందుకు వచ్చి చేసింది నేనేనని ఒప్పుకున్నాడు. నష్టపరిహారానికి ఆస్తంతా పోయింది. భార్య మఠంలో చేరింది, అతను దేశాలు తిరిగి చివరికి నోతో దగ్గర లోయలోని గుహలో తాపసిలా బతికి 1351లో చనిపోయాడు. ఫిబ్రవరిలోనూ, ఆగస్టు చివరలోనూ ఈ వెండి పెట్టెను భుజాల మీద ఊరేగిస్తారు. ముందు అలంకరించిన పొడవాటి కొవ్వొత్తి స్తంభాలు పట్టుకుని భక్తులు నడుస్తారు. పాత కొండ మీద ఊరేగిన సాధువే కొత్త ఊళ్ళోనూ ఊరేగుతున్నాడు. జనం వెంట తెచ్చుకున్న వాటిలో ఇది ముఖ్యమైనది.

బయటికి వచ్చి కొంచెం ముందుకు నడిస్తే కుడివైపు నిటారుగా ఎక్కే వీధి: నికోలాచి. చివర మోంతెవెర్జినె గుడి లోపలికి వంగిన ముఖంతో వీధిని మూసినట్టు నిలబడింది. ఎడమ చేతి పక్క నికోలాచి ప్రభువుల భవంతి, తొంభై గదుల ఇల్లు. దాని బాల్కనీల కింద నిలబడి మెడ వెనక్కి వంచండి. సింహాలు నోళ్ళు తెరిచాయి. రెక్కల గుర్రాలు దూకబోతున్నాయి. జలకన్యలు, బూరెబుగ్గల పసివాళ్ళు, గడ్డాల ముసలివాళ్ళు బాల్కనీ బరువును వీపుల మీద మోస్తున్నారు. ఏ బాల్కనీ ఇంకోదానిలా లేదు. ఇనుప కమ్మీలు కింద పొట్టలా ఉబ్బి ఉన్నాయి. ఆనాటి ఆడవాళ్ళ వెడల్పు గౌన్లకు చోటు కోసం అలా వంచారంటారు.

1980 నుంచి ఏటా మే నెల మూడో ఆదివారానికి ఈ వీధి నేలంతా పూల రేకులతో బొమ్మలు వేస్తారు. ఇన్‌ఫియోరాతా అని పేరు. ముందు సుద్దతో గీత, తరవాత మట్టి, గింజలు, వాటి మధ్య రంగురంగుల రేకులు. గాలికి ఎగరకుండా నీళ్ళు చల్లుతారు. రెండు మూడు రోజుల్లో అంతా వాడిపోతుంది, వచ్చే ఏడు మళ్ళీ కొత్త బొమ్మలు. మనం కాస్త ముందే వచ్చాం, నేల ఇంకా ఖాళీగా ఉంది.

ఇంతవరకు చూసినది ప్రభువులది, మఠాలది. వాళ్ళ దగ్గర పొలాలు ఉన్నాయి, ఆ పొలాల్లో కష్టపడినవాళ్ళ ధాన్యం ఉంది. ఎవరి గుడి ఎత్తు, ఎవరి భవంతి గొప్ప అనే పోటీ కూడా ఈ అందానికి ఇంధనమైంది. ఆ కష్టపడినవాళ్ళ ఊరు చూడాలంటే ఇంకా పైకెక్కాలి. మెట్ల దారి పట్టుకోండి.

పియనాల్తో, అంటే పై మైదానం. ఊపిరి అందుకుంటూ చేరేసరికి కోలాహలం కింద ఉండిపోయింది. ఇళ్ళు చిన్నవి, గోడలు సాదావి. తాళ్ళ మీద దుప్పట్లు ఆరుతున్నాయి. ఒక ఇంట్లోంచి వేగుతున్న వెల్లుల్లి వాసన, ఇంకో ఇంట్లో టీవీ. కూడలిలో శిలువ గుడి ఉంది. గల్యార్దిదే, ముఖభాగం పైవరకు పూర్తి కాలేదు. గుమ్మానికి రెండు వైపులా అరిగిపోయిన రాతి సింహాలు. వాటి శైలి ఈ గుడికన్నా ఎన్నో వందల ఏళ్ళ పాతది. కూలిన నోతో నుంచి మోసుకొచ్చినవి.

లోపల చీకటికి కళ్ళు అలవాటు పడనివ్వండి. పాలరాతి తల్లి, చంకలో బిడ్డ. 1471లో ఫ్రాంచెస్కో లౌరానా చెక్కిన 'మంచు మేరీమాత'. ముఖం నునుపుగా, కనురెప్పలు కాస్త వాలి, ఎవరో పిలిస్తే విన్నట్టుగా ఉంటుంది. ఈమె పాత నోతోలో రెండు శతాబ్దాలకు పైగా ఉంది. ఆ ఆదివారం చుట్టూ గోడలు పడిపోయాయి, ఈమె మిగిలింది. శిథిలాల్లోంచి తీసి, ఎనిమిది కిలోమీటర్లు కొండ దారిలో మోసి తెచ్చారు. ఇంట్లో వండుకోవడానికి కుండ లేని రోజుల్లో పాలరాతి బొమ్మను మోయడానికి మనుషులు భుజం పెట్టారు. నేను ఈ బొమ్మ ముందు చాలాసేపు ఉంటాను. గల్యార్ది గుళ్ళన్నీ కలిసి చెప్పే మాటను ఇది ఒక్కటే చెబుతుంది: ఆకలిగొన్న మనిషికి కూడా తిండి ఒక్కటే చాలదు.

మళ్ళీ మెట్లు దిగి కోర్సో పడమటి చివరకు వస్తే మూడో కూడలి. పేరు 'మే 16', నోతో 1860లో ఇటలీ ఏకీకరణ కోసం పోరాడిన గరిబాల్దీ పక్షం చేరిన రోజు. పొట్ట ముందుకు పెట్టినట్టు ఉబ్బిన ముఖంతో సెయింట్ డొమినిక్ గుడి. గల్యార్ది పనుల్లో నాకు ఇష్టమైనది. ఎదురుగా 1870లో తెరిచిన చిన్న నాటకశాల. ఊరు నిండా జనం పొలం పనుల మీద బతికే కాలంలో కూడా ఇక్కడ అంతస్తులుగా ఎర్రటి ఆసనాలు, బంగారు పూత కట్టుకున్నారు.

సాయంత్రం అయింది. రాయి తేనె రంగుకు తిరిగింది. తలుపులు తెరుచుకుంటున్నాయి, ఊరు మొత్తం కోర్సో మీదికి నడకకు వస్తోంది. ఇస్త్రీ చొక్కాల్లో తాతలు, చేతులు పట్టుకున్న అమ్మాయిలు, తోపుడుబండ్లలో పసివాళ్ళు. ఒక చివరినుంచి ఇంకో చివరికి వెళ్తారు, తిరిగి వస్తారు, ప్రతి నాలుగు అడుగులకు ఎవరితోనో ఆగి మాట్లాడతారు. కథెడ్రల్ మెట్ల మీద కుర్రాళ్ళు ఐస్‌క్రీం తింటున్నారు. ఇద్దరు పిల్లలు పై మెట్టు నుంచి కింది మెట్టుకు ఎవరు ముందు దూకుతారో పందెం వేసుకున్నారు. మనమూ ఓ మూల కూర్చుందాం.

2002లో యునెస్కో ఈ నోతోను, కతానియా, రగూజా, మోదికా, షిక్లి, కల్తజిరోనే, మిలితెల్లో, పలత్సోలో అక్రెయిదెలతో కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఎనిమిది ఊళ్ళూ ఆ ఆదివారం దెబ్బ తిన్నవే, ఆ తరవాత లేచినవే. కథెడ్రల్ గోపురం అప్పటికి ఇంకా పూర్తిగా లేవలేదు. ఆ గుర్తింపు కూలిన గుడి ఉన్న ఊరికే వచ్చిందని తలుచుకుంటే నాకు సంతోషం.

ఈ మెట్లు ఎవరి డబ్బుతో కట్టినా, ఎవరి గొప్ప చాటడానికి కట్టినా, ఇప్పుడు వీటి మీద కూర్చున్నది పై మైదానం పిల్లలు, కింది వీధి పిల్లలు కలిసి. ఇల్లు పోయినవాళ్ళకు ముందు కప్పు కావాలి, నీరు కావాలి, వెడల్పు వీధి కావాలి. నోతో అవన్నీ ఇచ్చింది. అక్కడితో ఆగకుండా కూర్చోవడానికి మెట్లు, తల ఎత్తి చూడటానికి సింహాలు, కలుసుకోవడానికి కూడలి కూడా ఇచ్చింది. విపత్తు తరవాత అందం గురించి మాట్లాడటం విలాసమని అనేవాళ్ళను ఈ మెట్ల మీద ఒక సాయంత్రం కూర్చోబెట్టాలని ఉంటుంది నాకు. వలస వచ్చిన జనాన్ని ఒక ఊరి జనంగా కలిపింది ఈ మెట్లే, ఈ కూడళ్ళే. ఆ కలిసిన ఊరే మూడు వందల ఏళ్ళ తరవాత మళ్ళీ గుడి కూలితే, పదకొండేళ్ళు ఓపిక పట్టి, ఈసారి స్తంభాల లోపల కూడా నిండు రాయి పెట్టి కట్టుకుంది.